అమ్మ దవడ పన్ను: ఉంచాలా, తీయించాలా? కొత్త పళ్ల వైద్యంలో నిజంగా మారిందేమిటి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ అమ్మగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను ఒకటి పిప్పి పట్టి రాత్రిళ్లు సలుపుతోంది. ఒక డాక్టరు రూట్ కెనాల్ (పంటి లోపలి పాడైన నరాన్ని తీసి, కడిగి మూసేయడం) చేసి జిర్కోనియా క్యాప్ (పింగాణీ జాతి గట్టి తొడుగు) వేస్తామన్నారు. ఇంకో చోట పన్ను తీసేసి ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద కట్టే పన్ను) పెట్టించుకుంటే మేలన్నారు, త్రీడీ స్కాన్ తీయించమన్నారు. మూడో చోట లేజర్ మాట వినపడింది. "మా తాతల రోజుల్లో నొప్పొస్తే పీకేవాళ్లు, అయిపోయేది. ఇప్పుడు ఇన్ని యంత్రాలు, ఇన్ని పేర్లు. ఇందులో సైన్స్ ఎంత, వ్యాపారం ఎంత?" అన్నది మీ ప్రశ్న.

నేను పళ్ల డాక్టరుని. 27 ఏళ్లుగా ఇదే పని. మొదటి ఆరేళ్లు నల్గొండ జిల్లాలో, తర్వాత హైదరాబాద్‌లో. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మీలాంటి టెన్షన్‌తోనే వస్తున్నారు. మోసపోతామేమో అన్న భయంతో వైద్యమే వాయిదా వేసి, లవంగ నూనె పెట్టుకుంటూ ఆర్నెల్లు గడిపి, చివరికి చెంప వాచాక వస్తున్నారు. అప్పటికి నిలబెట్టగలిగిన పన్ను చేయి దాటిపోయి ఉంటుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఎక్స్‌రే చూడకుండా ఇదే చేయించండి అని చెప్పడం తప్పు. కానీ ఎవరి మాట దేని మీద నిలబడి ఉందో మీరే పోల్చుకునేలా చెప్పగలను. నాకు అర్థమైనంతలో, గత నూటపాతికేళ్ల పళ్ల సైన్స్ దాదాపు ఒకే దారిలో నడిచింది: పన్నుని తక్కువ కోయడం, ఎక్కువ కాలం నోట్లో ఉంచడం. కాబట్టి ఏ కొత్త పేరు విన్నా "దీనివల్ల నా పన్ను ఎంత మిగులుతుంది?" అని అడగండి. యంత్రం ఖరీదు ఆ తర్వాత.

అసలు పన్ను ఎందుకు పుచ్చుతుందో తెలియడమే అన్నిటికన్నా పెద్ద మార్పు. మా అమ్మమ్మ "పంట్లో పురుగు పడింది" అనేది. నేల వాకుడు గింజల పొగ పట్టించి, ఇవిగో పురుగులు రాలాయి అని చూపించేవాళ్లను నేనూ చూశాను. అలా రాలేవి గింజల్లోని మొలకలే తప్ప పురుగులు కావు. 1890లో బెర్లిన్‌లో పనిచేస్తున్న అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్, నోట్లోని సూక్ష్మజీవులు తిండిలోని చక్కెరను, పిండిని ఆమ్లంగా మారుస్తాయని, ఆ ఆమ్లమే పన్నుని తింటుందని ఒక పుస్తకంలో వివరించాడు. 1940ల్లో రాబర్ట్ స్టీఫన్ దాన్ని కొలిచి చూపించాడు. పంటి మీది పాచిలో సన్నని ఎలక్ట్రోడ్ పెట్టి, చక్కెర నీళ్లు పుక్కిలింపజేసి చూస్తే, కొద్ది నిమిషాల్లోనే అక్కడ ఆమ్లం జివ్వున పెరిగింది. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. అది 5.5 కంటే కిందికి దిగిందంటే ఎనామిల్‌లోని, అంటే పంటి గట్టి పైపొరలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

దీన్ని మన ఇంటికి వర్తింపజేసి చూడండి. పొద్దున లేవగానే టీ, తొమ్మిదింటికి ఒకటి, పదకొండుకి బిస్కెట్లతో ఇంకొకటి, మధ్యాహ్నం నిద్ర లేచి ఒకటి, సాయంత్రం ఎవరో వస్తే మరొకటి. ప్రతిసారీ రెండు చెంచాల చక్కెర. మొత్తం చూస్తే రెండు మూడు మైసూర్‌పాక్ ముక్కల్లో ఉండేంతేమో. కానీ పన్ను లెక్క వేరు. ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది దానికి ముఖ్యం. రోజుకి ఐదు టీలంటే ఐదుసార్లు ఆమ్లం, ఐదుసార్లు అరగంట పైన. అదే మైసూర్‌పాక్ భోజనంతో పాటు ఒక్కసారి తింటే ఒక్కసారే. ఈ సంగతి 1940ల్లో స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే సంస్థలో చేసిన ప్రయోగంతో గట్టిపడింది. అక్కడ మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు, వాళ్ల అనుమతి లేకుండా, జిగట టాఫీలు తినిపించి పళ్లు పాడయ్యేదాకా చూశారు. ఆ జ్ఞానం రోజూ వాడుకుంటున్న మేం దానికి మూల్యం చెల్లించినవాళ్లను మరిచిపోకూడదు.

ఇందులోంచే మరో నిజం బయటపడింది. ఆమ్లం తగ్గగానే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు మళ్లీ పంట్లోకి చేరతాయి. అంటే పిప్పి ఒకవైపే పోయే దారి కాదు. పైపొర విరగనంత వరకు, సున్నపు మచ్చలా తెల్లగా కనిపించే దశలో దాన్ని ఆపవచ్చు, వెనక్కి మళ్లించవచ్చు. నేను చదువుకునే రోజుల్లో మచ్చ కనిపిస్తే డ్రిల్ తీసేవాళ్లం. ఇప్పుడు అదే మచ్చకి ఫ్లోరైడ్ పూత పూసి, టీలు తగ్గించమని చెప్పి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూస్తాం.

ఫ్లోరైడ్ అనగానే మన తెలుగువాళ్లకి భయం. నల్గొండలో పనిచేసినవాడిగా ఆ భయం నాకు బాగా తెలుసు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఆడపిల్లలు మాట్లాడేటప్పుడు చేయి నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. నవ్వొస్తే తల పక్కకి తిప్పేవాళ్లు. పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, కొందరికి ఎనామిల్ గుంటలు పడి రాలిపోయేది. ఒక పెళ్లి చూపుల ముందు రోజు ఒకమ్మాయి వచ్చి "సార్, రేపటికల్లా తెల్లగా చేస్తారా" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర ఉన్న సామానుతో ముందు రెండు పళ్లకే ఏదో చేయగలిగాను. ఇప్పుడైతే ఆ మరకల పైపొరను అతి పల్చగా రుద్ది తీసి, పంటి రంగు రెసిన్ (లైటు పడితే గట్టిపడే జిగురులాంటి పదార్థం) పూసి, ఒకే పూటలో ఆరు పళ్లూ సరిచేసి పంపగలను. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

విచిత్రం ఏమిటంటే, ఫ్లోరైడ్ మేలు చేస్తుందని లోకానికి తెలిసింది కూడా ఇలాంటి మరకల వల్లే. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే యువ డాక్టరు, ఆ ఊరివాళ్ల పళ్ల మీద గోధుమ మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ మరకల పళ్లు పుచ్చడం మాత్రం తక్కువ. కారణం కోసం ఏళ్ల తరబడి వెతికాడు. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ ఆ నీళ్లను పరీక్షించి ఫ్లోరైడ్‌ని పట్టుకున్నాడు. తర్వాత ట్రెండ్లీ డీన్ అనే అమెరికా ప్రభుత్వ దంతవైద్యుడు ఊరూరా నీళ్లు, పళ్లు లెక్కగట్టి, లీటరుకి దాదాపు ఒక మిల్లీగ్రాము ఉంటే పళ్లు గట్టిగా ఉంటాయి, మరకలు పెద్దగా రావు అని తేల్చాడు. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తన తాగునీటిలో ఆ మోతాదులో కలపడం మొదలుపెట్టింది. మన దగ్గర కథ తలకిందులు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ని, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్లకి, ఎముకలకి వచ్చే జబ్బుని గుర్తించి వైద్య పత్రికలో రాశారు. మనకి కలపడం కాదు, తీయడం కావాలి. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ని పేర్చి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దానికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. పళ్ల మీద మరకలు వచ్చేది పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోతేనే. పెద్దవాళ్లు పేస్టుతో తోముకుని ఉమ్మేస్తే మరకలు రావు. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైనే పనిచేసి, కరిగిన చోట తిరిగి ఖనిజం చేరడానికి సాయపడుతుంది. కాబట్టి మీ అమ్మగారికి ఫ్లోరైడ్ పేస్టు కావాలి. వయసుతో చిగుళ్లు కిందికి దిగి వేరు బయటపడిన చోట, షుగర్ వల్ల నోరు ఎండిపోయే చోట పిప్పి త్వరగా పడుతుంది. పెట్టె మీద 1000 నుంచి 1500 పీపీఎం అని ఉందో లేదో చూడండి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. బోరు నీళ్లే తాగే ఊరైతే మాత్రం ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

ఇప్పుడు కోత సంగతి. పాత వెండి సిమెంటు, అంటే పాదరసం కలిపిన అమాల్గం, పన్నుకి అంటుకోదు. అది ఊడిపోకుండా ఉండాలంటే గుంటని అడుగున వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా, కుండ లోపలిలా కోయాలి. బియ్యపు గింజంత పిప్పికి శనగ గింజంత గుంట. అదే పంట్లో పిప్పి చుట్టూ ఉన్న మంచి భాగాన్ని కూడా ముందుజాగ్రత్త కోసం కలిపి కోసేయమని 19వ శతాబ్దం చివర్లో జి.వి. బ్లాక్ అనే అమెరికన్ దంతవైద్యుడు పెట్టిన సూత్రం. అప్పటి సామానుకి అది సరైన సూత్రమే. మేమూ కాలేజీలో ఆ కొలతలే వంటబట్టించుకున్నాం.

దాన్ని మార్చింది 1955లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు చేసిన ఒక చిన్న పని. లోహాలకు రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. అదే పంటి మీద పూస్తే రెసిన్ అంటుకుంటుందా అని చూశాడు. అంటుకుంది. 1962లో రాఫెల్ బోవెన్ కొత్త రెసిన్ తయారుచేశాక పంటి రంగు సిమెంట్లకి దారి పడింది. మీ అమ్మగారికి ఎప్పుడైనా ఇది చేస్తుంటే పక్కనుండి చూడండి. నీలం రంగు జెల్ ఒకటి పన్ను మీద పెడతాం. 15 నుంచి 30 సెకన్లు ఆగి కడిగేస్తాం. గాలి కొట్టగానే అప్పటిదాకా తళతళలాడిన ఎనామిల్, ఆవిరి ఊదిన అద్దంలా మసకగా తెల్లబడుతుంది. ఆ మసక అంటే కంటికి కనిపించని లక్షల గుంటలు. వాటిలోకి పల్చని రెసిన్ జారుకుని, నీలి లైటు పడగానే గట్టిపడి పట్టుకుంటుంది. నోట్లో ఉమ్మి ఒక్క చుక్క తగిలినా ఆ పట్టు పోతుంది. అందుకే ఈ పని చేసేటప్పుడు మేం నోరు మూయొద్దని అంత గట్టిగా చెబుతాం. కుండ ఆకారపు గుంట అక్కర్లేదు. పుచ్చినంత తీసి, మిగతాది వదిలేయవచ్చు.

పాత వెండి సిమెంట్లు ఉన్నవాళ్లు ఇది చదివి కంగారు పడొద్దు. 2025 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్, వైద్యపరంగా తప్పనిసరైన చోట తప్ప, అమాల్గం వాడకాన్ని నిలిపేసింది. పాదరసం పర్యావరణంలోకి పోకూడదన్నదే ఆ నిర్ణయం వెనుక ప్రధాన కారణం. బాగున్న పాత సిమెంటుని తవ్వి తీయించుకోమని దాని అర్థం కాదు. తవ్వితే మంచి పన్ను కూడా పోతుంది.

ఇక రూట్ కెనాల్. మీ వీధిలో ఎవరో "రూట్ కెనాల్ చేసిన పన్ను ఒంట్లో విషం చిమ్ముతుంది" అన్నారని కూడా రాశారు. అది నూరేళ్ల కిందటి వాదన. అప్పట్లో దాన్ని నమ్మి లక్షల పళ్లు పీకేశారు. తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. నిలబడిన సంగతి వేరే. 1965లో అమెరికాలో కాకెహాషి, ఆయన సహచరులు రెండు రకాల ఎలుకల పళ్లకు రంధ్రం చేసి లోపలి నరం బయటపెట్టారు. మామూలు ఎలుకల్లో నరం కుళ్లి చీము పట్టింది. పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లో, తిండి ముక్కలు గుంటలో ఇరుక్కున్నా సరే, పన్ను తనంతట తానే మానింది. అంటే శత్రువు గాయం కాదు, గాయంలోకి వచ్చే క్రిమి. రూట్ కెనాల్ అంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. క్రిమిని బయటికి కడిగేయాలి, మళ్లీ రాకుండా మూసేయాలి.

కాబట్టి రూట్ కెనాల్ బాగా చేస్తున్నారా లేదా అన్నది మీరు కళ్లతో చూసి తెలుసుకునే గుర్తు ఒకటుంది, అది యంత్రం కాదు. రబ్బరు డ్యామ్. ఒక పల్చని రబ్బరు షీటు, మధ్యలో చిల్లు, ఆ చిల్లులోంచి ఒక్క పన్నే బయటికి వచ్చేలా క్లిప్పుతో బిగిస్తారు. 1864లో న్యూయార్క్‌లో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే డాక్టరు మొదట వాడాడు. ఖరీదు చాలా తక్కువ. కానీ ఉమ్మి, దానితో క్రిములు పంట్లోకి రాకుండా ఆపేది అదే. కడగడానికి వాడే ఘాటైన సోడియం హైపోక్లోరైట్ ద్రావణం గొంతులోకి పోకుండా, సన్నని సూదుల్లాంటి ఫైళ్లు జారితే మింగేయకుండా కాపాడేది అదే. ఎదుటి డాక్టరుని "రబ్బరు డ్యామ్ వేస్తారా?" అని మర్యాదగా అడగండి. వేస్తామంటే సగం నమ్మకం పెట్టుకోవచ్చు. లేజర్ ఉన్న క్లినిక్‌లో రబ్బరు డ్యామ్ లేకపోతే నా మనసు ఒప్పదు.

యంత్రాల్లో నిజంగా మేలు చేసినవీ ఉన్నాయి. కింది దవడ పన్ను వేళ్లు వంకరగా ఉంటాయి. స్టీలు ఫైలు వంకర దారిలో కూడా నిటారుగా పోవాలని చూసి వేరుని చీల్చేది. నికెల్ టైటానియం ఫైలు వంగుతుంది, దారి పట్టుకుని పోతుంది. 1988లో వీటిని మొదట పరీక్షించారు, నా చేతికి వచ్చేసరికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. వేరు ఎక్కడ ముగుస్తుందో తెలియడానికి మేం ఎక్స్‌రేల మీద అంచనా వేసేవాళ్లం. 1962లో జపాన్‌లో సునాదా విద్యుత్ నిరోధాన్ని బట్టి కొలవవచ్చని చూపించాడు. ఇప్పుడు చిన్న పెట్టె ఒకటి, ఫైలు వేరు చివరికి చేరగానే బీప్ అంటుంది. ఆ బీప్ వినపడితే మీ అమ్మగారు కంగారు పడకూడదు, ముందే చెప్పండి.

నొప్పి గురించి కూడా ఒక మాట. మత్తు ఇంజెక్షన్‌లో వాడే లిడోకైన్‌ని 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. నేటికీ మాకు అదే ఆధారం. అయితే బాగా సలుపుతున్న కింది దవడ పన్నుకి మొదటి ఇంజెక్షన్‌తో పూర్తిగా మొద్దుబారకపోవచ్చు. వాపు వల్ల మందు సరిగా పట్టదు. అప్పుడు ఇంకో చోట ఇంకో ఇంజెక్షన్ ఇస్తాం. అది డాక్టరు తప్పు కాదు, అమ్మగారి తప్పూ కాదు. నొప్పిగా ఉంటే చేయి ఎత్తమని చెప్పండి, ఓర్చుకోవద్దని చెప్పండి. మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వేయకండి. నరం వాచి సలిపే నొప్పికి అవి పనిచేయవు. నరం చచ్చిపోతే రక్తం తిరగదు, అలాంటి పంట్లోకి మందు చేరదు. చెంప వాపు, జ్వరం ఉంటే ఆ సంగతి వేరు.

తర్వాత క్యాప్. రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకి పైన కప్పు లేకపోతే ఏదో ఒకరోజు నిలువునా చీలుతుంది. జిర్కోనియా మంచి పదార్థమే. పగులు మొదలవగానే ఆ కొనలోని స్ఫటికాలు ఉబ్బి పగులుని నొక్కి ఆపేస్తాయి, ఆ గుణం వల్లే పింగాణీ జాతిదైనా అంత గట్టిగా ఉంటుంది. కానీ లోపలి దవడ పన్నుకి మంచి లోహపు క్యాప్ కూడా అంతే బాగా నిలుస్తుంది, కోత కూడా తక్కువ పడుతుంది. డబ్బు ఇబ్బందిగా ఉంటే క్యాప్ రకం తగ్గించుకోండి, రూట్ కెనాల్ నాణ్యత తగ్గించుకోకండి.

ఇంప్లాంట్ గొప్ప విజ్ఞానం. దాన్ని తక్కువ చేయను. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణ చూడటానికి టైటానియం గొట్టం పెట్టాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో యోస్టా లార్సన్ అనే మనిషికి మొదటిసారి టైటానియం స్క్రూలు దవడలో అమర్చాడు. అవి ఆయన 2006లో చనిపోయేదాకా నిలిచాయి. పళ్లన్నీ పోయి, కట్టుడు సెట్టు నిలవక, గంజి తాగుతూ బతికిన పెద్దవాళ్లు ఇంప్లాంట్ల మీద సెట్టు బిగించాక జొన్నరొట్టె కొరకడం నేను చూశాను. ఆ ఆనందం చూస్తే ఈ వృత్తిలోకి వచ్చినందుకు ధన్యుణ్ణి అనిపిస్తుంది.

కానీ ఇంప్లాంట్ పోయిన పన్ను స్థానంలో పెట్టేది, ఉన్న పన్నుకి పోటీ కాదు. సొంత పన్నుకి, ఎముకకి మధ్య కొన్ని పోగుల మెత్తని పొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగిలితే కొరక్కముందే దవడ ఆగిపోవడం ఆ పొరలోని నరాల వల్లే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, ఆ కబురు అందదు. ఇంప్లాంట్ చుట్టూ కూడా చిగురు వాచి ఎముక కరగవచ్చు, షుగర్ అదుపులో లేనివాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. బాగా చేసిన రూట్ కెనాల్ పన్ను, ఒక్క పన్ను ఇంప్లాంట్, రెండూ నిలిచే కాలం లెక్క చూస్తే దాదాపు పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఉంచగలిగిన పన్నుని ఉంచడమే నా పద్ధతి. నల్గొండలో నా మొదటి రోజుల్లో నేను పీకిన పళ్లలో కొన్ని ఇప్పుడైతే ఉంచేవాణ్ణి. అప్పుడు ఉన్న జ్ఞానం, సామాను అంతే, అయినా ఆ బాధ పోలేదు.

మరి ఎప్పుడు తీయాలి? మీ అమ్మగారి విషయంలో నిర్ణయం తేలేది ఇక్కడే. పిప్పంతా తీశాక చిగురు పైన చుట్టూ దాదాపు రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి. బిగుతుగా పట్టుకోవడానికి ఆ మాత్రం లేకపోతే క్యాప్ నిలవదు, ఎంత మంచి రూట్ కెనాల్ అయినా వృథా. పగులు వేరు లోపలికి దిగితే తీసేయాలి. చుట్టూ ఎముక కరిగి పన్ను బాగా కదులుతుంటే తీసేయాలి. ఇంప్లాంట్ అన్న డాక్టరుని "ఈ మూడింట్లో ఏది ఉంది, ఎక్స్‌రేలో చూపిస్తారా?" అని అడగండి. ఆయన వేలు పెట్టి చూపించగలిగితే ఆయన మాటలో పస ఉంది. చూపించకుండా "ఎలాగూ ఎన్నాళ్లుంటుంది" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

త్రీడీ స్కాన్, అంటే సీబీసీటీ, ఇంప్లాంట్ పెట్టే ముందు ఎముక మందం, కింది దవడలో నరం దారి చూడటానికి సరైనదే. మామూలు పిప్పికి అక్కర్లేదు, దానికి చిన్న డిజిటల్ ఎక్స్‌రే చాలు. ఆ చిన్న ఎక్స్‌రేలో వచ్చే రేడియేషన్ మనకి ప్రకృతిలో ఒక రోజులో తగిలేదానికి మించదు. 1896లో జర్మనీలో వాల్‌కాఫ్ తన పళ్లకే తీసుకున్న ఎక్స్‌రేకి 25 నిమిషాలు పట్టింది, ఇప్పుడు సెకనులో చిన్న భాగం. సీబీసీటీలో మోతాదు అంతకంటే చాలా రెట్లు ఎక్కువ, కాబట్టి కారణం అడిగి తీయించండి. లేజర్ చిగుళ్ల చిన్న కోతలకి పనికొస్తుంది. రూట్ కెనాల్‌కి అది లేకపోతే కుదరదు అంటే నేను ఒప్పుకోను. కంప్యూటరు ఎక్స్‌రే చదివి పిప్పిని రంగులో చూపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, రెండో కన్నుగా బాగున్నాయి. కానీ తెరమీద ఎర్ర చుక్క పడగానే డ్రిల్ చేయించుకోవద్దు. పైన చెప్పిన తెల్ల మచ్చ దశ కూడా అందులో చుక్కగానే కనిపించవచ్చు.

జపాన్‌లో పళ్లు మళ్లీ మొలిపించే మందు వచ్చిందట కదా, అందాకా ఆగవచ్చా అని చివర్లో అడిగారు. క్యోటోలో 2024లో మనుషుల మీద మొదటి దశ పరీక్ష మొదలైంది, నిజమే. పళ్లు పెరగకుండా ఆపే ఒక ప్రోటీన్‌ని అడ్డుకునే మందు అది. పుట్టుకతో పళ్లు రానివాళ్ల కోసమే ముందు అనుకుంటున్నారు. మొదటి దశలో చూసేది మందు సురక్షితమా అన్నదే. మీ అమ్మగారి పన్ను దానికోసం ఆగదు.

ఈ వారం చేయవలసింది చెబుతాను. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, చేయించి ఆ కాగితం పళ్ల డాక్టరుకి చూపించండి. అమ్మగారు ఎముకల బలానికి వారానికో నెలకో వేసుకునే మాత్ర గానీ, ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పండి. అలాంటి మందుల్లో కొన్నిటి మీద ఉన్నవాళ్లకి పన్ను తీశాక దవడ ఎముక మానకపోవచ్చని 2003 నుంచి తెలుసు. రూట్ కెనాల్ వైపు మొగ్గడానికి అది పెద్ద కారణం అవుతుంది. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే వాటిని మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరుని అడగాలి. గార తీయించే క్లీనింగ్ కూడా చేయించండి. క్లీనింగ్ వల్ల పళ్లు కదలవు, గార కింద ఎముక ముందే కరిగి ఉంటే గార పోయాక ఆ కదలిక తెలుస్తుంది, అంతే. చిగుళ్ల జబ్బుకి వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. షుగర్ ఉన్న మనిషికి అది చిన్న లాభం కాదు.

రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకోండి, ఖర్చు తక్కువ, ఒకే చోట అన్ని విభాగాలవాళ్లూ చూస్తారు. పాత ఎక్స్‌రేలు తీసుకెళ్లండి. ఈలోగా చెంప వాచి, జ్వరం వచ్చి, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.